జామీను ఇల్లు

వెయ్యికి మూడు

ఈ పూట కూడా చెత్త ఏరడంతోనే సరిపోయింది. రాత్రి నాయుడు గారు తీసిన ఫోటోల నిండా గీతలే. మన ముత్తాతలు పైకి పంపిన ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ముక్కలై, ఇప్పటికీ మన నెత్తి మీద తిరుగుతూనే ఉన్నాయి. వాళ్ళకేం, సరదాగా పంపేసి పోయారు. ఇంకేదీ పైకి వెళ్ళే దారి లేకుండా ఆకాశాన్ని మూసేసి, ఆ గీతలు ఏరే పని నా నెత్తిన పెట్టారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో గీతా తీసి పారేస్తే చివరికి ఒక చిన్న చుక్క మిగులుతుంది. ఆ చుక్కే మన రాయి. నిన్నటి నుంచి అది ఎంత జరిగిందో కొలిచి, లెక్క కట్టి, మధ్యాహ్నానికి కింద గవ్వలరేవు సంఘం ఆఫీసుకు అంకె పంపాలి. సాయంత్రం దాన్ని మైకులో ఊరికి చదువుతారు.

ఇవాళ్టి అంకె వెయ్యికి మూడు. ఇలాంటి రాయి ఇదే దారిన వెయ్యిసార్లు వస్తే మూడుసార్లు భూమికి తగులుతుంది, మిగతాసార్లు పక్కనుంచి పోతుంది. మూడు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత రాయి. తగిలితే ఎక్కడ అన్నది ముందే తేలిపోయింది, మా రేవుకు ఎదురుగా సముద్రంలో. తగులుతుందా లేదా అన్నదొక్కటే తేలలేదు. నెలాఖరుకు అదీ తేలిపోతుంది, నేను లెక్క కట్టినా కట్టకపోయినా.

నాయుడు గారు దానికి అల్లుడని పేరు పెట్టారు. దాలినాయుడు గారంటే ఈ చుక్కలమెట్ట మీద నాతో పాటు ఉండే రెండో ప్రాణి. రాత్రంతా టెలిస్కోపు తిప్పుతారు, పగలంతా గురక పెడతారు. "అల్లుడొస్తాడో రాడో మనకేటి తెలుస్తాది గౌరమ్మా. మంచం మాత్రం వాల్చి ఉంచాల" అంటారు. అల్లుడి మీద ఆయనకున్న మర్యాద నా మీద లేదు. నా కాఫీ పొడి కూడా వాడేస్తున్నారు.

వెయ్యికి తొమ్మిది

సరుకులు వచ్చాయి. రోప్‌వే తొట్టిలో బియ్యం మూట పక్కన కూర్చుని ఎర్నమ్మ కూడా వచ్చింది. ఎర్నమ్మది గవ్వలరేవులో మా వీధే. నీళ్ళ మిల్లులో పని చేస్తుంది. సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి, గొట్టాల్లో లోపలి పట్నాలకు తోసే మిల్లు అది. మా ఊరు దాని మీద బతుకుతుంది, పట్నాలు దాని నీళ్ళ మీద బతుకుతాయి.

"మైకులో వెయ్యికి ఏడో తొమ్మిదో అంటన్నారు. ఎక్కువా, తక్కువా?" అని అడిగింది.

"అంకె చెప్పొచ్చు గానీ ఎక్కువో తక్కువో నేను చెప్పకూడదు. నీకు తెలుసుగా ఎర్నమ్మా."

"తెలుసులే. ఊరికినే అడిగినాను." చేపల బుట్ట గట్టు మీద పెట్టి చెయ్యి తుడుచుకుంది. "నాకేటి బెంగ. మీ పిల్ల హంస, మా మనవరాలు మీ వాకిట్లోనే తొక్కుడుబిళ్ళ ఆడతన్నారు. నువ్వు నీ గుంటని కదిపిన రోజు నానూ మూట కడతాను. అంతవరకూ నాకు అంకెలెందుకు?"

మా తీరం పద్ధతి ఇదే. నేను పుట్టక ముందు ఈ కొండ మీద లెక్క చూసినాయన ఒకసారి తట్టుకోలేక మైకులో "పారిపోండి" అని అరిచాడట. ఊరు ఊరంతా లోపలికి పోయే ఒకే ఒక్క వంతెన మీదికి ఉరికింది. రాయి రాలేదు. తొక్కిసలాటలో పోయినవాళ్ళ పేర్లు మిల్లు గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి. అప్పటి నుంచి లెక్క చూసేవాళ్ళు అంకె చెప్పి నోరు మూసుకోవాలి. మరి ఆ అంకెతో జనం ఏం చేసుకోవాలి? నూటికి రెండంటే పడుకోవాలా, లేవాలా? అందుకని జామీను ఇల్లు పెట్టారు. లెక్క చూసే మనిషి కొండ మీద, వాళ్ళ కుటుంబం సముద్రానికి ఎదురుగా మొదటి ఇంట్లో. కొండ మీది మనిషి "విడుపు" అని ఒక్క మాట పంపితే, ఆ కుటుంబం తాళం వేసి, పట్టపగలు బజారు మధ్యగా మూటలతో నడిచి వెళ్తుంది. ఊరు వెనకాలే నడుస్తుంది. విడుపు లేకుండా కదిలారా, ఈ తీరంలో వాళ్ళకు ఇల్లుండదు, రేషనుండదు.

త్రినాథ్ ఆ షరతుకు ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టాకే నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. నా మొగుడు నన్ను నమ్మాడని ఆ రోజు ఎంత పొంగిపోయానో.

నూటికి రెండు

సాయంత్రం మైకు అయిపోయాక ఇంటికి ఫోను చేసుకోవచ్చు. హంస ఎప్పుడూ ఊపిరి పీల్చుకోకుండా మాట్లాడుతుంది. తొమ్మిదేళ్ళ పిల్ల, తొంభై ప్రశ్నలు.

"అమ్మా, రాయి అదే రాయి కదా, అంకె రోజూ ఎందుకు పెరుగుతోంది?"

"ఇంట్లో తాళంచెవి పోయిందనుకో. వంటింట్లో వెతికాం, లేదు. పడగ్గదిలో లేదు. వెతకాల్సిన గదులు తగ్గేకొద్దీ, మిగిలిన గదిలో ఉంటుందన్న నమ్మకం పెరుగుతుందా లేదా?"

"పెరుగుతుంది. కానీ చివరి గదిలో కూడా లేకపోతే?"

"అసలు వీధిలో పడిపోయిందన్నమాట. అప్పుడు ఒక్కసారిగా సున్నా."

"అయితే సున్నా అయిపోతుందిలే" అని తేల్చేసి ఫోను వాళ్ళ నాన్నకిచ్చింది.

"కంగారు పడాలా గౌరీ?" అన్నాడు త్రినాథ్.

"అంకె విన్నావుగా" అన్నాను.

"విన్నాను. సరే, అన్నం తిన్నావా?"

తవ్వి తవ్వి అడగని మనిషి దొరికినందుకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. నాకు ముందు లెక్క చూసిన నాయుడు గారి పెళ్ళాం, బతికున్న రోజుల్లో, జామీను ఇంట్లోంచి ఫోనులో రోజూ ఏడ్చేదట.

నూటికి నాలుగు

వాన. సోలార్ పలకల మీద నాచు కడిగేసరికి నడుం విరిగింది. మబ్బు విడిచిన కాసేపట్లోనే నాయుడు గారు మంచి ఫోటోలు తీశారు, ముసలి కళ్ళయినా. చుక్క ఎక్కడ ఉండకూడదనుకుంటున్నానో సరిగ్గా అక్కడే ఉంది.

"గీత ఎక్కడ గీసుకున్నావు?" అని అడిగారు టీ తాగుతూ. విడుపు ఏ అంకె దగ్గర చెప్పాలో చట్టంలో లేదు. లెక్క చూసే మనిషి గుండెకే వదిలేశారు.

"పది" అన్నాను. "పదిమంది ఉన్న గదిలో ఒకడి దగ్గర కత్తి ఉందంటే నా పిల్లను ఆ గదిలోకి పంపను. అంతకంటే పెద్ద లెక్క నాకు రాదు."

ఆయన తలూపారు. 

ఈ మధ్య ఇంటి ఫోను తొందరగా పెట్టేస్తున్నారు. హంసకు పరీక్షలట. నాలుగు ముక్కలు మాట్లాడి ఉంచేస్తోంది. మైకు పక్కనే ఉంటుంది కదా మా ఇల్లు, అది పాడైందో ఏమో వెనకాల మునుపటిలా రొద కూడా లేదు. ప్రశాంతంగా ఉందిలే అనుకున్నాను.

నూటికి ఏడు

ఎర్నమ్మ తొట్టి దిగుతూనే నా చెయ్యి పట్టుకుంది.

"గుంటకి ఎలాగున్నాది తల్లీ? తగ్గినాదా?"

"ఏ గుంటకి?"

"ఏ గుంటేటి, మీ హంసకే. ఆటలమ్మ పోసినాది కదా. మీ గుమ్మానికి వేపమండలు కట్టినారు, లోపలికి ఎవులూ ఎళ్ళకూడదని సంఘం వోలు సెప్పినారు. వాకిట్లోంచే పలకరించి ఎల్లిపోతన్నాం. దీపం మాత్రం రోజూ ఎలుగుతన్నాది, అదే ధైర్యం. పిల్లకి సల్లబడాలని నాను అమ్మోరికి పసుపునీళ్ళ ముర్రాట కూడా పోసినాను."

నా బిడ్డకు ఒళ్ళంతా పొక్కులట, నాకు తెలియదట. ముందు మొగుడి మీద కోపం వచ్చింది, నా దగ్గర దాచాడని. నిన్న కూడా దాని గొంతు ఎంత బాగుందో గుర్తొచ్చింది. సాయంత్రం దాకా ఒక్క గీత కూడా సరిగా ఏరలేకపోయాను.

"హంసకు ఆటలమ్మటగా" అన్నాను ఫోనులో.

అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత, "అవును. నీకు చెబితే పని మీద మనసుండదని..." అన్నాడు త్రినాథ్.

"దానికివ్వు."

"పడుకుంది."

"లేపు."

"అమ్మా!" అంది హంస. చెట్టెక్కి దిగిన పిల్ల గొంతు.

"దురదగా ఉందా బంగారం?"

"దురదా, ఎందుకు?" వెనకాల త్రినాథ్ గుసగుస వినిపించింది. "ఆఁ, ఉందమ్మా! చాలా దురద!" అని కిసుక్కున నవ్వింది. అప్పుడే ఎక్కడో దగ్గర్లో నెమలి అరిచింది. గవ్వలరేవులో నెమళ్ళు లేవు. కాకులు, కొంగలు, మా సంఘం వాళ్ళు, అంతే.

ఫోను మళ్ళీ త్రినాథ్ తీసుకున్నాడు. "నువ్వెక్కడున్నావు?" అన్నాను.

"గౌరీ, కోప్పడకు. లోపల, మన్యం వైపు. పిల్ల బాగుంది."

"ఎప్పటి నుంచి?"

"నూటికి రెండన్న మర్నాటి నుంచి." ఒకసారి మొదలుపెట్టాక గబగబా చెప్పేశాడు. "అంకె ఊరంతా వింది. నీ గొంతు నేనొక్కడినే విన్నాను. 'అంకె విన్నావుగా' అన్నావు చూడు, పదేళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా? సంఘంలో జోగారావు గారి కాళ్ళ మీద పడ్డాను. సరే, చప్పుడు లేకుండా వెళ్ళు, దీపం సంగతీ, ఇంటి ఫోను అక్కడికి కలిపే సంగతీ మేం చూసుకుంటాం అన్నారు. పిల్ల బతకాలి గౌరీ."

"ఎర్నమ్మ మనవరాలు?"

అతను ఫోను పెట్టేశాడు. నేను చీకటి పడే వేళ రోజూ ఎదురుచూసి, నా ఇంట్లో వాళ్ళతో మాట్లాడుతున్నానని మురిసిపోయి, వాకిట్లో కుండీకి నీళ్ళు పోశావా అని కూడా అడిగాను. పోశానన్నాడు. రోజూ పోశానన్నాడు.

నూటికి తొమ్మిది

గీత ఒక మెట్టు కిందికి దించుకున్నాను. మధ్యాహ్నం అంకెతో పాటు విడుపు పంపాను.

వెంటనే సంఘం పెద్ద జోగారావు గారు ఫోను చేశారు. ఆయన గొంతెప్పుడూ అప్పుడే భోంచేసిన మనిషి గొంతులా ఉంటుంది.

"విడుపు పంపావు సరేనమ్మా. ఎవరు నడుస్తారు? ఇంట్లో ఎవరూ లేరు కదా."

"మీరే పంపించారు."

"ఆడపిల్ల తండ్రి వచ్చి ఏడిస్తే కాదనలేకపోయాను. నీకు మేలు చేశాననే అనుకున్నాను."

"ఊరికి చెప్పండి."

"ఏం చెప్పాలి? నీ అంకె రోజూ చదువుతున్నాం. వీసమెత్తు మార్చలేదు. అందులో మేం దాచిందేముంది?" నిజమే, అంకెను ముట్టుకోలేదు. ఆ అవసరమే వాళ్ళకు లేదు. అబద్ధం అంతా మా ఇంటి చేత చెప్పించారు. "చూడు గౌరమ్మా, మిల్లు ఆగితే పట్నాల్లో మూడో రోజుకి చుక్క నీరుండదు. నూటికి తొంభై ఒకటి పడదు. నీ లెక్కే కదా ఇది? పడని దాని కోసం అంతమందిని ఎండబెట్టమంటావా?"

"పడితే?"

"నీకూ లోపల ఒక గది చూసి ఉంచాం" అన్నారాయన చల్లగా.

ఆ గది ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు చెప్పాను. ఇక్కడ రాయలేను.

నాయుడు గారు లేచి అంతా విన్నారు. "కొండ దిగితే నీ అంకె సెల్లదు. నువ్వు లెక్క మనిషివే కావింక."

"మీ అంకె చెల్లుతుందిగా. రేపటి నుంచి మీరే ఏరండి."

"నాకు సూపెక్కడిది తల్లీ?"

"కాఫీ పొడి ఎక్కడుందో కనిపించినంత చూపు చాలు."

ఆయన నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే తొట్టి తలుపు ఆయనే తీసి పట్టుకున్నారు.

నూటికి పదమూడు

తెల్లవారాక ఖాళీ డబ్బాలతో పాటు దిగాను. ఊళ్ళో అప్పుడే మొదటి షిఫ్టుకు జనం బయల్దేరుతున్నారు. మా గుమ్మానికి వేపమండలు నిగనిగలాడుతున్నాయి. ఎవరో రోజూ మారుస్తున్నారు. తలుపు తోసుకుని వెళ్తే మిల్లు గుమాస్తా సుందర్రావు మా మంచం మీద కూర్చుని, హంస పళ్ళెంలో ఉప్మా తింటున్నాడు.

"నాకేం తెలీదమ్మా. దీపం పెట్టమన్నారు, పెడుతున్నాను" అన్నాడు చేతిలో ముద్దతో.

మండలు పీకి వీధిలో పారేసి, వాకిట్లో నిలబడి, "నా ఇంట్లో ఎవరూ లేరు. రండి, చూసుకోండి" అని అరిచాను. షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు ఆగిపోయారు. ఎర్నమ్మ మనవరాల్ని చంకనేసుకుని వచ్చింది. ఇంత ఎత్తు పిల్లను ఇంకా చంకనే మోస్తుంది.

"గుంటేది?" అంది లోపలికి తొంగిచూసి.

జరిగినదంతా చెప్పాను. ఆటలమ్మ లేదనీ, మొగుడు నాకు చెప్పకుండా వెళ్ళిపోయాడనీ, నిన్న నేను పంపిన విడుపు తొక్కిపెట్టారనీ. ఇవాళ్టి అంకె నాయుడు గారు రాత్రికి రాత్రే కట్టారనీ, పదమూడనీ, నా పిల్లే ఇక్కడ ఉంటే ఈ క్షణం చేత్తో పట్టుకుని నడిచేదాన్ననీ. చెప్పకూడని అభిప్రాయం చెప్పేశాను. ఇప్పుడు కదులుతారు అనుకున్నాను.

ఇంతలో జోగారావు గారు వచ్చారు. ఆయన కూడా నిజమే చెప్పారు. అదే నేను ఊహించలేదు.

"అవును, దీపం మేమే పెట్టించాం. ఎందుకు? త్రినాథ్ భయపడి పారిపోయాడు. ఆవిడ పంపలేదు, ఆవిడకు తెలియనే తెలియదు, మీ ముందే చెప్పింది కదా. ఒక పిరికివాడు పోయాడని ఊరంతా వంతెన ఎక్కాలా? ఇప్పుడు ఆ పోయిన పరువు కప్పుకోవడానికి ఈవిడ మిమ్మల్ని లేపుతోంది."

"మొగుడికి ఒణుకు పుట్టినాదన్నమాట" అన్నాడు వెనకాల ఎవడో. నవ్వులు లేచాయి. జనం మొహాల్లో బెంగ తగ్గిపోవడం నా కళ్ళతో చూశాను. లెక్క తెలిసిన మనిషి పిల్లను పంపలేదు, లెక్క తెలియని మొగుడు పంపాడు. వాళ్ళ పద్ధతి ప్రకారం దానికి విలువ లేదు. నేను నిజం చెప్పినకొద్దీ వాళ్ళ ధైర్యం పెరుగుతోంది. కొందరు మిల్లు వైపు నడవడం మొదలుపెట్టారు.

"ఉండండెహే" అంది ఎర్నమ్మ. "ఆ బాబునే అడుగుదుం. ఫోను మైకుకి పెట్టండి. అందరూ ఇంటారు."

ఆఫీసు ముందు గుమిగూడారు. మైకులో త్రినాథ్ "హలో" అన్నాడు, బజారంతా ఆ గొంతు మోగింది. పది నెలలుగా నేను ఒంటరిగా విన్న గొంతు.

"బాబూ, నాను ఎర్నమ్మని. ఊరంతా ఇక్కడే ఉన్నాది, మీ ఆవిడా ఉన్నాది. సూటిగా సెప్పు. పిల్లని తీసుకెల్లిపొమ్మని నీకు ఎవులు సెప్పినారు?"

 విడుపు లేకుండా కదిలితే ఇల్లూ రేషనూ ఉండవని అతనికి తెలుసు, ఊరికీ తెలుసు.

"గౌరే చెప్పింది" అన్నాడు. "విడుపు నాకు ముందే చెప్పింది. ఎవరికీ తెలియకుండా వెళ్ళిపొమ్మంది. నా అంతట నేను కదల్లేదు."

 జోగారావు గారు నా వైపు తిరిగారు, కాదనమని ఆయనే కళ్ళతో బతిమాలుతున్నారు. కాదంటే నా పేరు నిలుస్తుంది. త్రినాథ్ పిరికివాడిగా, అబద్ధాలకోరుగా మిగులుతాడు, అతనికి అది తగినదే. తర్వాత అందరూ నవ్వుకుంటూ షిఫ్టుకు వెళ్ళిపోతారు. ఎర్నమ్మ మనవరాలు బొటనవేలు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"అవును" అన్నాను. "నేనే పంపాను. నూటికి రెండున్నప్పుడే పంపాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారేమోనని ఇంకో మాట కూడా అన్నాను. "ఇది పడుతుందని నాకు అప్పుడే అనిపించింది. అందుకే నా పిల్లను ముందు తీశాను."

ఎర్నమ్మ దగ్గరికొచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మరి కొండ మీద నానడిగితే ఏ గుంట అన్నావే? నీ మొహం చూసి నిజవే అనుకున్నాను. నీ పిల్లకి పొక్కులు మానాలని నాను అమ్మోరి ముందు పొర్లినాను. మా పిల్లలు నీకు పిల్లలు కాదేటి?"

ఎవరో మిల్లు సైరను లాగారు. పంపులు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ చప్పుడు ఆగడం నేనెరగను. తోపులాట జరగలేదు. మూటలు, మేకలు, ముసలివాళ్ళతో వంతెన మీద బారుగా నడిచారు. జామీను ఇంటి మనిషి ముందు నడవాలి, ఊరు వెనక నడవాలి. నన్ను అందరూ దాటుకుని వెళ్ళారు. చివర నేను నడిచాను.

నూటికి ముప్ఫై ఎనిమిది

లోపలి మెరక మీద గుడారాలు వేశారు. నాయుడు గారు రోజూ అంకె చెబుతున్నారు, ఇక్కడ చిన్న మైకు పెట్టి చదువుతున్నారు. నన్ను ఉద్యోగం నుంచి తీసేసినట్టు కాగితం వచ్చింది. ఇంటివాళ్ళకు చాటుగా విడుపు చెప్పినందుకట. త్రినాథ్ మీద ఏ తప్పూ లేదని అదే కాగితంలో రాశారు.

జోగారావు గారి మనుషులు గుడారం గుడారం తిరుగుతున్నారు. పట్నాల్లో బిందెకు కొట్టుకుంటున్నారు, ఆసుపత్రుల్లో నీళ్ళు లేవు, నూటికి అరవై రెండు పడదు, వచ్చి పంపులు తిప్పండి అని. ఆ పట్నాల మాట నేనూ వింటున్నాను. అక్కడా పిల్లలున్నారు. ఏ లెక్కలో వేసినా అది తేలదు.

కొందరు కుర్రాళ్ళు వెళ్దామని లేచారు. ఎర్నమ్మ అడ్డం నిలబడింది. "ఆవిడ పిల్లని అప్పుడే తీసేసినాది. ఆవిడకి తెలిసినంత మీకు తెలుసేటి? కూకోండి" అంది. కూర్చున్నారు.

నా గుడారం వైపు మాత్రం ఎవరూ రారు. గంజి వరుసలో నేను నిలబడితే ముందున్నవాళ్ళు, వెనకున్నవాళ్ళు కాస్త జరుగుతారు. నేను రాత్రిళ్ళు ఏడవడం లేదు, పగలే ఏడుస్తున్నాను, ఎవరూ చూడరు కాబట్టి.

తగిలింది

నాయుడు గారు నిన్న పొద్దున్నే వందకు వంద అన్నారు. అల్లుడని అనలేదు.

మధ్యాహ్నం సముద్రం వైపు ఆకాశం తెల్లగా అయింది. చాలాసేపటికి చప్పుడు వచ్చింది, పొయ్యి మీది గిన్నెలు కింద పడ్డాయి, పిల్లలు చెవులు మూసుకున్నారు. తర్వాత నీళ్ళు వచ్చాయి. మెరక మీది నుంచి చూశాం. మిల్లు గొట్టం, మైకు స్తంభం, మొదటి వీధి, అన్నీ ఒకేసారి పోయాయి. తలలు లెక్కపెట్టుకుంటే అందరం ఉన్నాం. దీపం పెట్టిన సుందర్రావు కూడా ఉన్నాడు. జనం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. నన్నెవరూ పట్టుకోలేదు.

ఇవాళ నేను గంజి వరుస పక్కన కూర్చుని ఉంటే త్రినాథ్ హంసను తీసుకుని వచ్చాడు. గుడారాల మధ్య నుంచి వస్తుంటే జనం అతనికి దారిచ్చారు, పెళ్ళాం మాట విన్న మంచివాడు కదా.

"ఆ రోజు నువ్వు కాదని ఉంటే నాకు నిలువ నీడ ఉండేది కాదు" అన్నాడు మెల్లగా. "నన్ను కాపాడావు గౌరీ."

"నిన్ను కాపాడలేదు."

"తెలుసు. అయినా. నేను చేసింది తప్పా చెప్పు? పిల్ల బతికింది కదా."

"పిల్లను తీసుకెళ్ళినందుకు నిన్నేమీ అనను. నేనూ ఆ పనే చేసేదాన్నేమో. రోజూ సాయంత్రం నాతో ఆడుకున్నావు. కుండీకి నీళ్ళు పోశానన్నావు. ఊరందరి ముందూ నా పేరు చెప్పావు, నేను వింటున్నానని తెలిసి కూడా. నీతో ఇంక ఉండను త్రినాథ్." అనేశాక గుండె తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

అతను గంజి వరుసలో జనం చూస్తున్నారని చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. అప్పుడే ఎర్నమ్మ గిన్నెతో వచ్చి, వరుసలో నాకు రెండు అడుగుల దూరంలో నిలబడింది.

హంస నా ఒళ్ళోకి ఎక్కింది. ఈ నెల్లోనే బరువెక్కింది, కొత్తచోట పాలు బాగున్నట్టున్నాయి. నా చెంపలు రెండూ పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"అమ్మా, నేను ఎవ్వరికీ చెప్పలేదు తెలుసా! ఫోనులో ఇంట్లోనే ఉన్నట్టు మాట్లాడమని నువ్వే చెప్పావట కదా, ఇది అమ్మ పెట్టిన ఆట అని నాన్న చెప్పారు. పరీక్షలని చెప్పాను, దురద కూడా చెప్పాను. ఆ ఒక్కసారే నవ్వొచ్చేసింది." కళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి. "బాగా చెప్పానా?"

త్రినాథ్ నేల చూస్తున్నాడు.

"బాగా చెప్పావు" అన్నాను.

ఎర్నమ్మ గిన్నె తీసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని, అవతలి వరుసలోకి వెళ్ళిపోయింది.